లాన్‌లో ఆ మూల రాళ్లు పరిపించొద్దు

చి. సౌ. శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ లాన్‌లో లేచిన మట్టి కుప్పల ఫొటో చూశానే. నువ్వనుకున్నట్టు అవి చీమల పుట్టలు కావు. కుప్ప మధ్యలో పెన్సిల్ పట్టేంత కన్నం ఉంది చూడు, అది టానీ మైనింగ్ బీ గూడు, అంటే నేల తవ్వి ఒంటరిగా గూడు కట్టుకునే ఒక రకం తేనెటీగ. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ వచ్చిందంటే లాన్లలో ఇది మామూలే. స్ప్రే డబ్బా కొనేసి ఉంటే వాపసు ఇచ్చెయ్.

బుజ్జిగాణ్ణి కుడతాయని కదా నీ భయం? ఒక్కో కన్నంలో ఉండేది ఒక్క ఆడదే. కాపలా కాయాల్సిన తేనెపట్టు లేదు కాబట్టి గుంపుగా మీదపడే బెడదా ఉండదు. మగవాటికి కొండే ఉండదు. ఆడదాని కొండి కూడా చాలా బలహీనం. వాడు చేత్తో పట్టి నలపకుండా చూసుకో, చాలు.

ఎండ కాసిన పూట కాసేపు అక్కడ కూర్చో. వీపు నిండా ఎర్రటి నూగు, నల్లటి ముఖం, నల్లటి కాళ్లు ఉంటే అది ఆడది. ఒక జానెడో, ఇంకాస్త లోతుకో తవ్వి పక్కలకు చిన్న చిన్న గదులు చేస్తుంది. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద, దానిమీద ఒకే గుడ్డు. గది మూసేశాక మళ్లీ తొంగి చూడదు. జూన్ దాటేసరికి తల్లి ఉండదు. పిల్లపురుగు ఆ ముద్ద తిని పెరిగి, చలికాలం రాకముందే రెక్కలతో సహా తయారై, వసంతం దాకా ఆ గదిలోనే ఉండిపోతుంది.

అందుకే అల్లుడు అక్టోబరులో ఆ మూల రాళ్లు పరిపిస్తానన్నాడంటే నాకు మనసొప్పలేదు. పైన ఏమీ కనిపించదు గానీ, వచ్చే ఏటి తేనెటీగలన్నీ కిందే ఉంటాయి. రాళ్లు ఇంకో పక్కన వేయించుకోమను. గడ్డి కోసుకోవచ్చు; మబ్బు పట్టిన రోజో, సాయంత్రమో కొయ్యండి. ఐర్లండ్‌లో ఈ తేనెటీగలు అంతరించిపోయాయనే అనుకున్నారు, 2012లో కిల్కెన్నీలో మళ్లీ కనబడ్డాయి.

కన్నాల మీద గాల్లో నిలబడి పొడుగు ముక్కుతో తచ్చాడే బొచ్చు ఈగ ఒకటి వస్తుంది. గుడ్లు కన్నాల దగ్గర విసిరిపోతుంది, దాని పిల్లలు వీటి పిల్లల్ని తినేస్తాయి. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా తోలకు, దాని బతుకు దానిది.

నవంబరులో గూస్‌బెర్రీ మొక్క ఒకటి, బ్లాక్‌కరెంట్ ఒకటి కొని నాటు, ఆ మూల మాత్రం తవ్వకు. వాటి పూలంటే ఈ తేనెటీగలకు ఇష్టం. పచ్చి గూస్‌బెర్రీలు పప్పులో మామిడికాయకు బదులు వేసుకోవచ్చు. పులుపు ఎక్కువ, ముందు కొద్దిగానే వెయ్యి.

పెద్దమ్మ