ఎన్నారై సందేహాలు: అమెరికా హైస్కూల్లో ప్రిన్సిపాల్‌ను ఎప్పుడు కలవాలి?

ప్రశ్న: మేము ఈ వేసవిలోనే డాలస్‌కు వచ్చాము. అబ్బాయి తొమ్మిదో తరగతిలో చేరాడు. స్కూల్లో ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా ప్రిన్సిపాల్‌గారినే అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే చాలా సందర్భాల్లో ఆయన మిమ్మల్ని మళ్లీ కింది వారి దగ్గరకే పంపిస్తారు. అది నిర్లక్ష్యమని అనుకోకండి. ఇక్కడి ప్రిన్సిపాల్ సాధారణంగా పాఠం చెప్పరు; స్కూలును నడుపుతారు. పొద్దున కార్లు, బస్సులు ఆగే చోట చేతిలో వాకీటాకీతో నిలబడటం, లంచ్ వేళ పిల్లల మధ్య తిరగడం, తరగతి గదిలో వెనక కూర్చుని ఉపాధ్యాయుల బోధనను అంచనా వేయడం, కొత్తవారిని నియమించుకోవడం, ఫైర్ డ్రిల్ చేయించడం, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకు హాజరు కావడం, ఇవన్నీ ఆ ఉద్యోగంలో భాగమే. ఆయన పైన స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్లను నడిపే విద్యా జిల్లా) సూపరింటెండెంటు, ఆ పైన ప్రజలు ఎన్నుకున్న బోర్డు ఉంటాయి.

కాబట్టి మార్కుల సంగతైతే మొదట ఆ సబ్జెక్టు టీచరుకు, కోర్సుల ఎంపికైతే కౌన్సెలర్‌కు రాయండి. చాలా స్కూళ్లలో కౌన్సెలర్లను పిల్లల ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని బట్టి కేటాయిస్తారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారు కావడం మామూలే గనుక, స్కూలు రికార్డులో ఏది ఇంటిపేరుగా నమోదైందో ముందే చూసుకోండి.

89ని 90 చేయమని ప్రిన్సిపాల్‌ను బతిమాలే తల్లిదండ్రులు మనలో తక్కువేమీ కాదు. టెక్సస్ చట్టం ప్రకారం టీచరు ఇచ్చిన గ్రేడే అంతిమం. అది ఇష్టానుసారంగా ఇచ్చిందనో, తప్పు అనో, జిల్లా గ్రేడింగ్ విధానానికి విరుద్ధమనో బోర్డు తేలిస్తే తప్ప మార్చడానికి వీల్లేదు. లెక్క తప్పిందనిపిస్తే ఆధారాలతో టీచరునే అడగడం మేలు; ప్రిన్సిపాల్ మీద ఒత్తిడి తెస్తే టీచరుతో సంబంధం చెడటం తప్ప మరేమీ జరగదు.

ప్రిన్సిపాల్ మాటకు నిజంగా విలువ ఉండేది హాజరు విషయంలో. టెక్సస్‌లో ఒక కోర్సు క్రెడిట్ (ఆ కోర్సు పూర్తిచేసినట్టు గుర్తింపు) దక్కాలంటే ఆ తరగతి జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు ఉండాలి. సెమిస్టరుకు సుమారు 85 రోజులనుకుంటే, ఎనిమిది రోజులు మానేసేసరికే ఆ గీత దగ్గరకు వచ్చేస్తాము. మూడు వారాల పెళ్లి ప్రయాణం దాన్ని సునాయాసంగా దాటించేస్తుంది. హాజరు 75 శాతానికి తగ్గకుండా, 90కి లోపు ఉంటే, ప్రిన్సిపాల్ ఆమోదించిన ప్రణాళిక ప్రకారం పిల్లవాడు పని పూర్తిచేసి క్రెడిట్ పొందే అవకాశం ఉంది. 75 కంటే తగ్గితే వ్యవహారం హాజరు కమిటీకి వెళుతుంది. ఇక దీపావళి వంటి పండుగను ఆచరించడానికి మానేసే రోజును మతపరమైన సెలవుగా చట్టం గుర్తిస్తుంది. అందుకు స్కూలుకు ముందుగానే లిఖితపూర్వకంగా తెలియజేయడం మంచిది.

ఇండియా టికెట్లు కొనకముందే హాజరు కార్యాలయానికి తేదీలతో ఈమెయిలు పంపి, దానికి ఇప్పటివరకూ ఉన్న గైర్హాజరు రోజుల లెక్కను జోడించి, ప్రిన్సిపాల్‌కూ ఒక ప్రతి పెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఆంగ్లం అంతగా రాకపోతే, సమావేశానికి దుభాషిని ఏర్పాటు చేయమని అడగండి. దానికి రుసుము చెల్లించనక్కర్లేదు.