నెలకు రెండుసార్లు చూడొచ్చని ఆర్డరుంది, అయినా బాబును చూపించడం లేదు: ఏం చేయాలి?

లోపం ఆర్డరు మాటల్లోనే ఉంది. "నెలకు రెండుసార్లు తండ్రి చూడవచ్చు" అని మాత్రమే ఉంటే, ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది బాబు దగ్గరున్న మీ భార్య ఇష్టమే. "ఈ ఆదివారం జ్వరం" అంటే మీరు చేయగలిగింది లేదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా కోర్టుకే పొమ్మంటారు.

1. విడాకుల కేసు నడుస్తున్న ఫ్యామిలీ కోర్టులోనే, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆర్డరు సవరించమని ఐఏ (నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర దరఖాస్తు) వేయండి. కొత్త కేసు అక్కర్లేదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: పిటిషన్ చివర అడిగే ప్రార్థనలో టైంటేబుల్ మీరే రాయాలి. ఉదాహరణకు:
– రెండో, నాలుగో శనివారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు
– బాబును అప్పగించే చోటు, ఎవరు తెచ్చి ఎవరు తీసుకెళ్లాలి
– ఆ రోజు కుదరకపోతే వచ్చే శనివారం
– బుధ, ఆదివారాల్లో రాత్రి 7కు 15 నిమిషాల వీడియో కాల్
– దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మీ వాటా
"తగిన ఆదేశాలివ్వండి" అని వదిలేస్తే మళ్లీ అలాంటి ఒక్క లైనే వస్తుంది.

3. తప్పిన ప్రతి తేదీకీ వాట్సాప్ మెసేజీల ప్రింటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్‌తో జతచేయండి. మెసేజ్ పొడిగా ఉండాలి: "10కి వచ్చాను, 11 దాకా ఆగాను." తిట్లుంటే అవే మీ మీదకు వస్తాయి.

4. కోపంతో భరణం ఆపొద్దు. అది వేరే ఆర్డరు.

సవరించిన ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఆ తర్వాత కూడా చూపించకపోతే తేదీలతో సహా ఉల్లంఘన పిటిషన్ అదే కోర్టులో వేయొచ్చు.