జిమ్‌లో కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటే ఆత్మరక్షణ వచ్చేసినట్టేనా?

ఆ క్లాసుతోనే అయితే రాదండి. ఒంటికి మంచిదే, దమ్ము పెరుగుతుంది, కాళ్లూ చేతులూ చురుగ్గా కదులుతాయి, అందులో నేను వంక పెట్టేదేం లేదు. చాలాకాలం కార్డియో కిక్‌బాక్సింగ్ చేసి తర్వాత జూడోకి మారినవాణ్ణి కాబట్టి రెండూ చూసే చెబుతున్నా.

ఫిట్‌నెస్ క్లాసులో పాట పెడతారు, ట్రైనర్ లెక్కపెడుతుంటే అందరం ఒకేసారి జాబ్, క్రాస్, హుక్ అంటూ గుద్దులు విసురుతాం. ఎదురుగా ఉండేది గాలి, మహా అయితే బ్యాగ్. అది తప్పుకోదు, తిరిగి కొట్టదు, జుట్టు పట్టుకుని లాగదు. 1990లలో అమెరికా ఫిట్‌నెస్ ట్రైనర్ బిల్లీ బ్లాంక్స్ టే బో అనే వ్యాయామ వీడియోలతో బాగా పాకిన పద్ధతి ఇది, చెమట పట్టించడానికి పుట్టింది, ఆ పని బాగానే చేస్తుంది.

జూడోలో రాండోరి అని ఉంటుంది, ఇద్దరూ ఒకరినొకరు నిజంగానే పడేయాలని చూస్తారు. గంటసేపు ఆగకుండా గెంతగలిగే నేను అందులో మొదటిసారి దిగినప్పుడు, అవతలి మనిషి కాలర్ పట్టుకుని గుంజుతుంటే టెన్షన్‌తో ఊపిరి బిగబట్టేసి నిమిషం తిరక్కుండానే ఆయాసపడిపోయా. నేర్చుకున్న కిక్కులు ఒక్కటీ గుర్తురాలేదు, వచ్చినా మీదమీదకొచ్చినవాణ్ణి తన్నడానికి జాగా ఏది? ప్రమాదంలో అడ్రినలిన్ ఎగదన్నితే ఇంకా ఘోరం, చేతులు వణుకుతాయి, చూపు ఒక్కచోటే బిగుసుకుపోతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పట్లు అస్సలు కుదరవు.

ఇంకోటి, క్లాసులో చేతికి గ్లవ్స్ ఉంటాయి. వట్టి పిడికిలితో తలమీద గుద్దితే చిటికెనవేలి కిందుండే అరచేతి ఎముక విరగొచ్చు, దీనికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అని పేరే ఉంది. అందుకే చాలామంది కోచ్‌లు అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరుండే గట్టి భాగంతో కొట్టమంటారు.

అలాగని జూడో వస్తే చాలనీ అనను. దానికీ మ్యాట్, రిఫరీ, రూల్సు ఉన్నాయి, ఎదురుగా ఒక్కడే ఉంటాడు. బయట అసలు పనికొచ్చేవి వేరే: ఎవరు దగ్గరికొస్తున్నారో ముందే గమనించడం, దూరం ఉంచడం, గట్టిగా అరవడం, సందు దొరకగానే పరిగెత్తడం. పైగా దాడి చేసేది చాలాసార్లు తెలిసినవాళ్లే, అక్కడ మొహమాటం లేకుండా ‘వద్దు’ అని గట్టిగా చెప్పడం కూడా సాధన చేయాల్సిందే. దాన్ని నేర్పే క్లాసులు తక్కువ.

చేరేముందు ఒక పని చేయండి. మణికట్టు పట్టుకుంటే బొటనవేలి వైపు తిప్పి విడిపించుకోవడం అన్నిచోట్లా చూపిస్తారు, అది పనిచేస్తుంది కూడా, కానీ డెమోలో పట్టుకునేవాడు మెత్తగా పట్టుకుంటాడు. ఈసారి వాణ్ణి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మిమ్మల్ని లాగమనండి. కోచ్ సరే అని, అందరిచేతా అలాగే చేయిస్తే అక్కడ చేరొచ్చు. రెండ్రోజుల్లో కత్తి లాక్కోవడం నేర్పేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, కత్తి చూపించి పర్సు అడిగితే ఇచ్చేయండి.