పేదరికానికి బద్ధకమే కారణమా?

ప్రశ్న: నేల, వాన, పంట అన్నీ ఒకటే అయినా ఒక ప్రాంతం బాగుపడి, పక్క ప్రాంతం పేదగానే ఎందుకు ఉండిపోతుంది? ఇంట్లో పెద్దవాళ్లు బద్ధకం అంటారు, స్నేహితులు భూస్వాముల దోపిడీ అంటారు. నగదు సాయంతో ఇది మారుతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు బద్ధకం సంగతి తేల్చేద్దామమ్మా. బద్ధకస్తులు డబ్బున్న ఇళ్లలోనూ బోలెడంతమంది ఉంటారు. వాళ్లెవరూ పేదలైపోవడం నేను చూడలేదు.

మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. తైవాన్‌లో 1949లో కౌలు పంటలో 37.5 శాతానికి మించకూడదన్నారు. అంతకుముందు చాలాచోట్ల సగం పంట కౌలుకే పోయేది. 1953లో దున్నేవాడికే భూమి ఇచ్చి, భూస్వాములకు పరిహారంగా బాండ్లు, ప్రభుత్వ కంపెనీల వాటాలు ముట్టజెప్పారు. పెంచిన పంట తన ఇంటికే వస్తుందని తెలిశాక రైతు ఊరుకుంటాడా? తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ఆదాయాలు వేగంగా పెరిగాయి, అంతరాలు మాత్రం పెద్దగా పెరగలేదు.

మిగతా సగానికి పెరూ వెళ్లాలి. పాఠాలు చెప్పే రోజుల్లో నేను క్లాసులో ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. 1573 నుంచి 1812 దాకా స్పెయిన్ పాలకులు ‘మిత’ అనే వెట్టి నడిపారు. ఒక సరిహద్దు లోపలి ఊళ్లు తమ వయోజన పురుషుల్లో ఏడో వంతు మందిని పొటోసి వెండి గనులకో, హువాంకవెలికా పాదరసం గనులకో పంపాలి. అవతలి ఊళ్లకు ఆ బాధ లేదు. వెట్టి పోయిన రెండు వందల ఏళ్లకు కూడా లోపలి ఊళ్లలో కుటుంబాల వినియోగం దాదాపు 25 శాతం తక్కువని ఆర్థికవేత్త మెలిస్సా డెల్ 2010లో లెక్కగట్టి చూపారు.

తమాషా ఏమిటంటే, పెద్ద భూస్వాములు తక్కువగా ఉన్నది ఈ వెట్టి ఊళ్లలోనే! గనులకు దక్కాల్సిన కూలీలను లాక్కుంటారని ప్రభుత్వమే వాళ్లను అక్కడ ఎదగనివ్వలేదు. అవతలి భూస్వాములు తమ సరుకు సంతకు చేరాలని పట్టుబట్టి రోడ్లు వేయించుకున్నారు. లోపలి రైతుకు రోడ్డూ రాలేదు, పొలం తనదని గట్టిగా చెప్పుకునే హక్కూ రాలేదు. తైవాన్ రైతుకు దక్కింది ఆ హక్కే. భూస్వామి లేనంత మాత్రాన అది దానంతటది రాదు.

ఇక నగదు సాయం. బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన బోల్సా ఫమీలియా పిల్లల బడి హాజరుకు ముడిపెట్టి, ఎక్కువగా తల్లుల చేతికే డబ్బిచ్చింది. కటిక పేదరికం తగ్గడానికి అది ఉపయోగపడింది. భూమి మాత్రం అక్కడ ఇంకా కొద్దిమంది చేతుల్లోనే ఉంది. నెలనెలా వచ్చే డబ్బుతో అది మారదు.