కౌన్సెలింగ్‌కు వెళ్తే క్షమించినట్లేనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. నా భర్త రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేస్తారు. ఆయనకు మరొకరితో సంబంధం ఉందని నాలుగు నెలల క్రితం తెలిసింది. ఆయనా ఒప్పుకున్నారు. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక రాజమహేంద్రవరంలో దంపతుల కౌన్సెలింగ్‌కు వెళ్దామంటున్నారు. పెద్దలేమో ‘క్షమించాను, కోర్టుకు వెళ్లను’ అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. కౌన్సెలింగ్‌కు వెళ్తే రేపు విడాకులు అడిగే హక్కు పోతుందా?

జవాబు: పోదమ్మా. కౌన్సెలింగ్‌కు ధైర్యంగా వెళ్లండి. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

పెళ్లయ్యాక భర్త గానీ భార్య గానీ తన ఇష్టంతో వేరొకరితో శారీరక సంబంధం పెట్టుకుంటే, హిందూ వివాహ చట్టం (1955) 13వ సెక్షను కింద రెండోవారు విడాకులు కోరవచ్చు. ‘ఇప్పుడది తప్పే కాదు’ అని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మకండి. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టివేసింది దాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షనును. విడాకులు కోరడానికి ఒక కారణంగా ఆ సంబంధం నేటికీ చట్టంలో అలాగే ఉంది.

మీ భయానికి మూలం అదే చట్టంలోని 23వ సెక్షను. తప్పును మన్నించిన వారికి ఆ కారణం మీద విడాకులు ఇవ్వకూడదని అది చెబుతుంది. మన్నించడమంటే ఏమిటో 1975లో దాస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు వివరించింది. తప్పును క్షమించాలి, తప్పు చేసినవారికి మునుపటి స్థానం తిరిగి ఇవ్వాలి. రెండూ జరిగితేనే మన్నింపు. దానికీ ఒక షరతు ఉంటుంది: మళ్లీ తప్పు చేస్తే పాత తప్పు కూడా లేచి వస్తుంది. కౌన్సెలర్ ఎదుట కూర్చోవడమంటే క్షమించగలనో లేదో మీరు తేల్చుకుంటున్నారనే అర్థం. కేసు వేసినా కోర్టు ముందుగా చేసే ప్రయత్నం రాజీకే. కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984) 9వ సెక్షను ఆ బాధ్యతను కోర్టు మీదే పెట్టింది. కోర్టే చేయించే పనిని మీరు ముందే చేస్తే మీకు నష్టమెందుకు వస్తుంది?

ఒక్క జాగ్రత్త. అంతా తెలిశాక కూడా దాంపత్యం మునుపటిలా సాగితే, మన్నించారని రేపు ఆయన వకీలు వాదిస్తారు. దాస్తానే కేసులో కోర్టు మన్నింపును నిర్ధారించింది ఆ విధంగానే. అందుకే కౌన్సెలింగ్ మొదలు కాకముందే మీ భర్తకు వాట్సాప్‌లో రెండు మాటలు పంపండి: ‘కౌన్సెలింగ్‌కు వస్తున్నాను. ఇంకా క్షమించలేదు, నా నిర్ణయం తరువాత చెబుతాను.’ అది చెరిగిపోకుండా చూసుకోండి.

ఇక ఆ కాగితం. ‘కోర్టుకు వెళ్లను’ అన్న మాట చట్టం ముందు చెల్లదు. కానీ దాని పక్కనున్న ‘క్షమించాను’ అన్న మాట మీ సంతకంతో సహా ఆయనకు సాక్ష్యమవుతుంది. గట్టు తగాదాలూ, కాలువ నీటి వంతులూ తీర్చే పెద్దల మీద నాకు గౌరవమే. అయినా మీ మనసులో ఇంకా పుట్టని క్షమను మీ చేత రాయించే అధికారం వారికి లేదు.

భార్యాభర్తల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణను వైవాహిక కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కౌన్సెలింగ్ గదిలో ఆ పని చేయకండి. రికార్డు అవుతోందని అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆయన నిజం చెప్పడం మానేస్తారు, మీరు అంత దూరం వెళ్లింది ఆ నిజం కోసమే. అక్కడ చెప్పిన మాటలు ఎంతవరకు గోప్యంగా ఉంటాయో మొదటి రోజే కౌన్సెలర్‌ను ఇద్దరూ అడగండి.

‘పట్టుబడి అయ్యాక’ అన్న మాట నాకు నచ్చలేదు. ఈ పంట తరువాత మరో పంట వస్తుంది. కారణం లేని జాప్యాన్ని కూడా 23వ సెక్షను తప్పుపడుతుంది. తేదీ ఇప్పుడే ఖాయం చేయించండి.

ఆయన మళ్లీ దారి తప్పితే, మీరు పుట్టింట్లో ఉంటున్నా అక్కడి పరిధిలోని కోర్టులోనే కేసు వేయవచ్చు. 2003 సవరణ భార్యకు ఆ వెసులుబాటు ఇచ్చింది. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి. ఈలోగా పెద్దలు ఆ కాగితం మళ్లీ తెస్తే, వకీలుకు చూపించి చెబుతానని ఇంటికి తెచ్చుకోండి.