కొత్త దేశం కార్డును ప్లే స్టోర్ తీసుకోకపోతే

కొత్త దేశానికి వెళ్లినా ప్లే స్టోర్ పాత కరెన్సీలోనే ధర చూపిస్తోందని, అక్కడి కార్డు తీసుకోవట్లేదని రాశారు. తప్పు కార్డుది కాదండీ, మీ అకౌంట్ ఇంకా పాత దేశంలోనే ఉంది.

ముందు వీపీఎన్ (మీరు వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) ఉంటే ఆపేయండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్, జనరల్, అకౌంట్ అండ్ డివైస్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే దేశం మార్చే ఆప్షన్ ఉంటుంది. కొత్త దేశం కార్డే ఇవ్వాలి. మారడానికి 48 గంటలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ప్లే స్టోర్ ఖాతాలో ఉన్న పాత బ్యాలెన్స్ కొత్త దేశంలో పనికిరాదు, ముందే వాడేసుకోండి. పైగా మళ్లీ మార్చాలంటే ఏడాది ఆగాలి. కొన్ని నెలలకే వెళ్లారా? అయితే మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పాత దేశం కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేయించుకుని దాంతోనే కొనండి.