రెండేళ్లకే తుప్పు పట్టిన టవల్ రెయిల్: ఈసారి ఏది కొనాలి?

బాత్రూంలో టవళ్లు వేడిగా ఆరబెట్టే మీ క్రోమ్ రెయిల్ రెండేళ్లకే తుప్పు పట్టిందంటే, లోపలున్నది మామూలు ఉక్కే అయ్యుంటుంది. యూకేలో చవగ్గా దొరికేవి చాలావరకు ఉక్కు గొట్టం మీద పల్చటి క్రోమ్ పూతే. పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది.

1. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే వద్దు.

2. ఉత్త ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట చాలదు, 304 గ్రేడ్ (తుప్పును బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ రకం) అని రాసి ఉండాలి. ఇల్లు సముద్రం పక్కనే అయితే ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 తీసుకోండి, ఖరీదు ఎక్కువైనా సరే.

3. చాలామంది మరిచిపోయేది ఇదే. రెయిల్ మార్చేటప్పుడు సెంట్రల్ హీటింగ్ (ఇంట్లోని రేడియేటర్లన్నిటికీ వేడి నీళ్లు తిప్పే వ్యవస్థ) నీళ్లు ఖాళీ చేస్తారు. మళ్లీ నింపాక, లోపల తుప్పు పట్టకుండా ఆపే ఇన్హిబిటర్ ద్రవం పోయాలి. మా ఇంట్లో ప్లంబర్ అది పోయకుండానే వెళ్లిపోయాడు. ఏడాది తిరిగాక రేడియేటర్‌లో చేరిన గాలి తీయబోతే నల్లటి నీళ్లొచ్చాయి, అంటే లోపల తుప్పు మొదలైందన్నమాట. కొత్త నీళ్లలోని ఆక్సిజన్ ఉక్కును లోపలినుంచే తినేస్తుంది, మీ రెయిల్ స్టెయిన్‌లెస్ అయినా మిగతా రేడియేటర్లు పాడవుతాయి. కాబట్టి ప్లంబర్ ఇంట్లో ఉండగానే అడిగి, మీ కళ్లముందే పోయించండి.

4. కరెంటుతో మాత్రమే నడిచే రెయిల్ సెంట్రల్ హీటింగ్‌కి కలవదు, కాబట్టి దానికోసం ఆ నీళ్లలో ఇన్హిబిటర్ పోయాల్సిన పని లేదు. షవర్‌కి దగ్గరైతే కనీసం ఐపీఎక్స్4 రేటింగ్ (నీళ్ల చిందులు తట్టుకుంటుందనే గుర్తు) ఉండాలి, వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

తుడవడానికి తడిబట్ట చాలు. బ్లీచ్, యాసిడ్ క్లీనర్లు తగలనివ్వకండి.